కాటా ఆగకుండా స్కాన్ చేయడం ఎలా: ఎన్‌మ్యాప్ ప్రోబుల మీద అదుపు

పోర్ట్ స్కాన్ (పరికరాల్లో ఏ పోర్టులు, అంటే కనెక్షన్ తీసుకునే ఏ తలుపులు, తెరిచి ఉన్నాయో వెతకడం) నేర్చుకున్న చాలామందికి, ఆ పని చేసే ఎన్‌మ్యాప్ అంటే ఒక కమాండ్, దాని చివర వేగం పెంచే ఒక -టీ4. గబగబా నడుస్తుంది, లిస్టు వస్తుంది, పని అయిపోతుంది. కాలేజీ ల్యాబుకి అది చాలు. విశాఖలో ఋషికొండ, మధురవాడ వైపు ఆఫీసుల్లో కూడా, అన్నీ కొత్త స్విచ్‌లూ సర్వర్లూ ఉన్నచోట, పెద్దగా ఇబ్బంది రాదు. అదే కమాండ్‌ని గాజువాక ఆటోనగర్‌లో ఓ గోడౌన్ నెట్‌వర్క్ మీద వదిలారనుకోండి. అక్కడ లారీ కాటా ఇండికేటర్ ఓ చిన్న కన్వర్టర్ డబ్బా ద్వారా నెట్‌వర్క్‌కి తగిలించి ఉంటుంది. పాత డీవీఆర్ (కెమెరాల రికార్డర్), వేలిముద్రల అటెండెన్స్ మెషీన్, లేబుల్ ప్రింటర్, ఎప్పుడో కొన్న రౌటర్ ఉంటాయి. అవతల నుంచి సూపర్‌వైజర్ ఫోన్ చేస్తాడు: "ఏటి సార్ ఇది, కాటా మీద అంకె కదలట్లేదు, బయట లారీలు నిలిచిపోయాయి." మీ స్కాన్‌కీ ఆ కాటాకీ సంబంధం ఉందని మీకు వెంటనే తట్టదు కూడా.

ఎన్‌మ్యాప్‌ని 1997 సెప్టెంబర్‌లో గోర్డన్ లయన్ బయటపెట్టాడు. అప్పటినుంచి దానికి చేరిన ఆప్షన్లలో పెద్ద భాగం ఈ అదుపు కోసమే. ఏ రకం ప్రోబ్ (జవాబు కోసం పంపే చిన్న ప్యాకెట్) పంపాలి, ఎవరికి పంపాలి, సెకనుకు ఎన్ని పంపాలి, జవాబు రాకపోతే మళ్లీ ఎన్నిసార్లు పంపాలి: ఈ నాలుగింటినీ విడివిడిగా తిప్పుకోవచ్చు. -టీ ఒక్కటే తిప్పేవాళ్లు నాలుగింటినీ ఒకేసారి, చూడకుండా తిప్పుతున్నట్టే లెక్క.

ఈ వ్యాసమంతా ఒకే ఉదాహరణ మీద నడుస్తుంది. సరుకు క్లియరింగ్, రవాణా చేసే ఓ సంస్థ ఉందనుకుందాం. ఆఫీసు ద్వారకానగర్‌లో, గోడౌన్ గాజువాక ఆటోనగర్‌లో. రెండింటి మధ్య బ్రాడ్‌బ్యాండ్ మీద వీపీఎన్. గోడౌన్ నెట్‌వర్క్ 192.168.40.0/24 (అంటే 256 ఐపీలు), అందులో బతికున్న పరికరాలు ఓ 60.

కమాండ్ల గురించి ఒక మాట. ఆప్షన్లను ఇక్కడ పలికినట్టుగా తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాలే వాడాలి. ఒక హైఫన్ ఉన్నవాటిలో చిన్నక్షరం, పెద్దక్షరం తేడా వస్తే అర్థమే మారిపోతుంది కాబట్టి అవసరమైనచోట అది చెబుతాను. రెండు హైఫన్లతో మొదలయ్యే పొడవాటి ఆప్షన్లన్నీ చిన్నక్షరాలే.

1. ముందు కాగితం, తర్వాత కమాండ్

సొంత కంపెనీ అయినా సరే, స్కాన్‌కి రాతపూర్వక అనుమతి తీసుకోండి. ఐటీ చట్టం 2000లోని 43వ సెక్షన్ యజమాని అనుమతి లేకుండా సిస్టమ్‌లోకి వెళ్లడం గురించే కాదు, దాని పనికి అంతరాయం కలిగించడం గురించి కూడా చెబుతుంది. దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా. మెయిల్‌లో నాలుగు లైన్లు చాలు: ఏ ఐపీ శ్రేణి, ఏ రోజు, ఏ గంటల మధ్య, ఏ మెషీన్ నుంచి, తేడా వస్తే ఎవరికి ఫోన్ చేయాలి.

విశాఖలో ఇంకో జాగ్రత్త అవసరం. పోర్టు, ఉక్కు ఫ్యాక్టరీ, రిఫైనరీ, నేవీ అన్నీ ఉన్న ఊరు ఇది. మీ సంస్థకి అలాంటి పెద్ద సంస్థ నెట్‌వర్క్‌తో ఏదో ఒక లింకు ఉండొచ్చు. ఐపీలో ఒక్క అంకె తప్పు కొడితే ప్రోబులు అటు వెళ్లిపోతాయి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం కీలక నెట్‌వర్క్‌ల మీద లక్షిత స్కానింగ్, ప్రోబింగ్ జరిగితే, గమనించిన 6 గంటల్లోగా రిపోర్ట్ చేయాలి. మీకది ఆదివారం పూట చిన్న పని కావచ్చు. అవతలివాళ్లకి అది గడియారం పెట్టుకుని నింపాల్సిన ఫారం.

అందుకే ఒక్క ప్యాకెట్ కూడా పంపకముందు లిస్ట్ స్కాన్ నడపండి.

ఎన్‌మ్యాప్ -ఎస్ఎల్ -ఎన్ 192.168.40.0/24 --ఎక్స్‌క్లూడ్‌ఫైల్ వద్దు.టీఎక్స్‌టీ

(-ఎస్ఎల్‌లో ఎస్ చిన్నది, ఎల్ పెద్దది. -ఎన్ చిన్నది. వద్దు.టీఎక్స్‌టీ అనేది ఎక్స్‌క్లూడ్ ఫైలు, అంటే తాకకూడని ఐపీల లిస్టు.) ఇది ఏ పరికరాన్నీ తాకదు. ఎవరెవరిని తాకబోతున్నామో మాత్రం వరసగా రాసి చూపిస్తుంది. -ఎన్ పెట్టకపోతే ప్రతి ఐపీకీ డీఎన్ఎస్‌లో పేరు వెతుకుతుంది, ఆ ప్రశ్నలు డీఎన్ఎస్ సర్వర్ దాకా వెళ్తాయి. చూపించిన లిస్టులో మీరు వద్దనుకున్న ఐపీ కనబడిందంటే ఎక్స్‌క్లూడ్ ఫైలులో తప్పుంది.

2. ఎక్కడ కూర్చుని స్కాన్ చేస్తున్నారు

ఆప్షన్లన్నింటికంటే ఎక్కువ తేడా తెచ్చేది ఇదే. దీన్ని ఎవరూ ఆప్షన్‌గా లెక్కపెట్టరు. ద్వారకానగర్‌లో కూర్చుని స్కాన్ చేస్తే ప్రతి ప్రోబూ ఆఫీసు రౌటర్, వీపీఎన్, గోడౌన్ రౌటర్ దాటి వెళ్లాలి. ల్యాప్‌టాప్ పట్టుకుని గాజువాక బస్సెక్కి గోడౌన్ స్విచ్‌కి కేబుల్ తగిలిస్తే మధ్యలో ఆ మూడూ ఉండవు.

రౌటర్ గొడవ ఎందుకంటే, దాని గుండా వెళ్లే ప్రతి కొత్త కనెక్షన్‌కీ అది తన పట్టికలో ఒక వరస రాసుకుంటుంది. లైనక్స్ ఆధారిత రౌటర్లలో దీన్ని కాన్‌ట్రాక్ అంటారు. ప్రోబ్‌కి జవాబు వస్తే ఆ వరస కాసేపట్లో తొలగిపోతుంది. జవాబు రాకపోతే లైనక్స్ డిఫాల్ట్‌గా 120 సెకన్లు అలాగే ఉంచుతుంది. కేజీహెచ్ ఆసుపత్రిలో ఓపీ చీటీ రాయించుకుని డాక్టర్ దగ్గరికి రాకుండా వెళ్లిపోయే మనిషిలాంటిది ఈ ప్రోబ్: మనిషి లేడు, వరసలో పేరు మాత్రం ఉంది.

ఇప్పుడు లెక్క వేద్దాం. ఫైర్‌వాల్ వెనక ఉన్న, జవాబివ్వని ఐపీల మీదికి సెకనుకు 300 ప్రోబులు పంపితే రెండు నిమిషాల్లో పట్టికలో 36,000 వరసలు చేరతాయి. సెకనుకు 50 అయితే 6,000 దగ్గర ఆగుతుంది. పట్టిక నిండితే రౌటర్ కొత్త కనెక్షన్లన్నీ పడేస్తుంది. మీవే కాదు, బిల్లింగ్ వాళ్లవి కూడా. లాగ్‌లో కాన్‌ట్రాక్ టేబుల్ ఫుల్ అనే లైను కనిపిస్తుంది. కొన్ని కంపెనీల రౌటర్లు ఆ 120 సెకన్ల గడువును బాగా తగ్గించి పెడతాయి, కాబట్టి మీ రౌటర్ సెట్టింగ్ చూసుకోండి. లైనక్స్ రౌటర్‌లోకి లాగిన్ అయ్యే వీలుంటే ఎన్ఎఫ్_కాన్‌ట్రాక్_మ్యాక్స్, ఎన్ఎఫ్_కాన్‌ట్రాక్_కౌంట్ విలువలు చూడండి. మొదటిది పట్టిక పరిమాణం, రెండోది ఇప్పుడు ఎంత నిండిందో. మామూలు పని రోజున నిండేదాన్ని తీసేసి, మిగిలిన ఖాళీలో సగానికి మించి స్కాన్ వాడకూడదని నేను పెట్టుకునే లెక్క. ఆ సగాన్ని 120తో భాగిస్తే మీ గరిష్ఠ రేటు వస్తుంది.

బ్యాండ్‌విడ్త్ గురించి చాలామంది అనవసరంగా భయపడతారు. ఒక సిన్ ప్యాకెట్ (టీసీపీ కనెక్షన్ మొదలుపెడదామని అడిగేది) ఈథర్నెట్ మీద, ముందూ వెనకా ఖాళీలతో కలిపి 84 బైట్ల చోటు తీసుకుంటుంది. సెకనుకు వెయ్యి పంపినా 0.67 ఎంబీపీఎస్. చౌక బ్రాడ్‌బ్యాండ్ కూడా దాన్ని పట్టించుకోదు. లైను నిండకుండానే పట్టిక నిండిపోతుంది. స్పీడ్ టెస్ట్ బాగానే వస్తుంటే, నెట్ మాత్రం పనిచేయట్లేదని జనం అరుస్తుంటే మొదట అనుమానించాల్సింది దీన్నే.

3. ఎవరు బతికున్నారో కనుక్కునే ప్రోబులు

ఏమీ చెప్పకపోతే ఎన్‌మ్యాప్ అడ్మిన్ హక్కులతో నడిచేటప్పుడు, రౌటర్ అవతల ఉన్న ప్రతి ఐపీకీ నాలుగు ప్రోబులు పంపుతుంది: ఐసీఎంపీ ఎకో (మామూలు పింగ్), 443వ పోర్టుకి సిన్, 80వ పోర్టుకి యాక్ (అందిందని చెప్పే ప్యాకెట్), ఐసీఎంపీ టైమ్‌స్టాంప్. అదే స్విచ్ మీద ఉన్నవాళ్లకైతే ఏఆర్‌పీ (ఈ ఐపీ ఎవరిది అని అడిగే ప్రశ్న) మాత్రమే. ఏఆర్‌పీకి జవాబివ్వకుండా ఏ పరికరమూ ఆ నెట్‌వర్క్‌లో బతకలేదు కాబట్టి గోడౌన్‌లో కూర్చుని స్కాన్ చేస్తే ఈ దశ శబ్దం లేకుండా, తప్పులు లేకుండా అయిపోతుంది.

సుడో ఎన్‌మ్యాప్ -ఎస్ఎన్ -ఎన్ --మ్యాక్స్-రేట్ 50 192.168.40.0/24 --ఎక్స్‌క్లూడ్‌ఫైల్ వద్దు.టీఎక్స్‌టీ

(-ఎస్ఎన్‌లో రెండూ చిన్నక్షరాలు. ముందున్న సుడో అంటే అడ్మిన్ హక్కులతో నడపమని.) ఇది పోర్టుల జోలికి పోదు. ఆఫీసు నుంచి చేయాల్సి వస్తే 256 ఐపీలకి నాలుగేసి చొప్పున వెయ్యికి పైచిలుకు ప్రోబులు, సెకనుకు 50 చొప్పున ఓ ఇరవై సెకన్లు. జవాబు రానివాటికి మళ్లీ పంపుతుంది కాబట్టి ఇంకొంత పడుతుంది. విండోస్ మెషీన్లు ఫైర్‌వాల్ వల్ల పింగ్‌కి మౌనంగా ఉంటాయి. వాటికోసం -పీఎస్ (రెండూ పెద్దవి) తర్వాత ఖాళీ లేకుండా 445, 3389 లాంటి పోర్టులు ఇవ్వండి. మీ నెట్‌వర్క్‌లో ఏముంటాయో మీకు తెలుసు కాబట్టి ఇలా ఇచ్చిన రెండు మూడు పోర్టులు డిఫాల్ట్ నాలుగింటికంటే ఎక్కువ పనిచేస్తాయి.

-పీఎన్ (పీ పెద్దది, ఎన్ చిన్నది) గురించి హెచ్చరిక. "పింగ్ బ్లాక్ అయితే -పీఎన్ పెట్టు" అని అందరూ చెబుతారు. అది పెడితే 256 ఐపీలూ బతికున్నట్టే లెక్కేసి, ఒక్కోదానికి వెయ్యి పోర్టులు చొప్పున 2,56,000 ప్రోబులకి సిద్ధమవుతుంది. అందులో సగానికి పైగా ఎవరూ లేని ఐపీలకి వెళ్లేవే. జవాబు రాదు, మళ్లీ పంపుతుంది, పైన చెప్పిన పట్టిక నిండుతుంది. మొత్తం శ్రేణి మీద ఎప్పుడూ వాడకండి. ఫలానా ఒకటి రెండు ఐపీలు ఉన్నాయని ఖాయంగా తెలిసి, అవి మౌనంగా ఉన్నప్పుడు మాత్రమే. అదే లాన్‌లో ఉన్నప్పుడు -పీఎన్ పెట్టినా ఏఆర్‌పీ అడిగే తీరుతుంది, ఎంఏసీ అడ్రస్ లేకుండా ఫ్రేమ్ పంపలేదు కాబట్టి. అక్కడ నష్టం తక్కువ.

బతికున్నవాటి లిస్టు ఒక ఫైలులో దాచుకోండి. తర్వాతి దశలన్నీ -ఐఎల్ (ఐ చిన్నది, ఎల్ పెద్దది) ఇచ్చి ఆ ఫైలు మీదే నడపాలి.

4. సెకనుకు ఎన్ని

-టీ (పెద్దది) అంకెలు ఆరు, 0 నుంచి 5 దాకా. డిఫాల్ట్ 3. ఇందులో 0, 1, 2 ఒకసారికి ఒకే ప్రోబ్ పంపుతాయి. 0 అయితే రెండు ప్రోబుల మధ్య 5 నిమిషాలు, 1 అయితే 15 సెకన్లు, 2 అయితే 0.4 సెకను ఆగుతాయి. మన 60 పరికరాల మీద వెయ్యేసి పోర్టులకి -టీ2 వాడితే 60,000 సార్లు 0.4 సెకను, అంటే 6 గంటల 40 నిమిషాలు. "మర్యాద" అని పేరు పెట్టారు గానీ షిఫ్టు అయిపోయినా స్కాన్ అవదు. 4, 5 వేగంగా వెళ్తాయి, 5 అయితే ఒక్కో హోస్ట్‌కి 15 నిమిషాలు దాటగానే వదిలేస్తుంది కూడా. నా అభిప్రాయంలో పాత, బలహీన పరికరాలున్న నెట్‌వర్క్‌లో 5 వాడదగ్గ సందర్భమే లేదు.

-టీ జోలికి పోకుండా డిఫాల్ట్ 3 దగ్గరే ఉంచి, రేటు మీద పైకప్పు వేయడం మంచిది.

సుడో ఎన్‌మ్యాప్ -ఎస్ఎస్ -ఎన్ -ఐఎల్ బతికున్నవి.టీఎక్స్‌టీ --మ్యాక్స్-రేట్ 100 --మ్యాక్స్-రిట్రైస్ 3 -ఓఏ గోడౌన్

(-ఎస్ఎస్ అంటే సిన్ స్కాన్, అందులో రెండోది పెద్ద ఎస్. -ఓఏలో ఓ చిన్నది, ఏ పెద్దది.) 60,000 ప్రోబులు, సెకనుకు 100: పది నిమిషాలు, మళ్లీ పంపేవాటికి కొంచెం అదనం. -పీ- (చిన్న పీ, వెంటనే హైఫన్) పెట్టి 65,535 పోర్టులూ అడిగితే 39 లక్షల ప్రోబులు దాటతాయి, అదే రేటుకి దాదాపు 11 గంటలు. ఆ లెక్క ముందే వేసుకుంటే అన్ని పోర్టులూ అన్ని పరికరాల మీదా అవసరమా అన్న ప్రశ్న దానంతట అదే వస్తుంది. సర్వర్లు రెండో మూడో ఉంటాయి, వాటి మీద మాత్రం అన్నీ చూడండి. మిగతావాటికి డిఫాల్ట్ వెయ్యి, తొందరైతే -ఎఫ్ (పెద్దది) ఇచ్చే వంద.

--మ్యాక్స్-రేట్ మొత్తం స్కాన్‌కి వర్తిస్తుంది, ఒక్కో పరికరానికి కాదు. మధ్యలో ఉన్న రౌటర్‌ని కాపాడేది అదే. ఒక్కో పరికరాన్ని కాపాడాలంటే --స్కాన్-డిలే కావాలి. ఒకే హోస్ట్‌కి వెళ్లే రెండు ప్రోబుల మధ్య కనీస ఎడం అది. ఈ తేడా తెలియక స్కాన్-డిలే ఒక్కటే పెట్టి, ఒకేసారి 60 హోస్ట్‌ల మీద స్కాన్ నడుస్తుంటే రౌటర్ మీద పడే భారం తగ్గిందనుకుంటారు. 60 హోస్ట్‌లకి 50 మిల్లీసెకన్ల ఎడం అంటే కలిపి సెకనుకు 1,200 దాకా పోవచ్చు. రెండూ పెట్టండి.

--మిన్-రేట్ మాత్రం ఇలాంటి చోట ముట్టుకోకండి. ఎన్‌మ్యాప్‌లో టీసీపీలో ఉన్నట్టే రద్దీని గమనించి తగ్గే ఏర్పాటు ఉంది: జవాబులు తప్పిపోతున్నాయని పసిగడితే అదే నెమ్మదిస్తుంది. మిన్-రేట్ పెడితే ఆ తగ్గే దారి మూసేసినట్టే. ప్యాకెట్లు పోతుంటాయి, తెరిచి ఉన్న పోర్టులు ఫిల్టర్డ్ (ఎవరో అడ్డుకుంటున్నారు, తెరిచి ఉందో లేదో తెలియదు) అని రిపోర్టులో పడతాయి, మీరు దాన్ని నమ్ముతారు.

5. జవాబు రాకపోతే

జవాబు లేకపోవడానికి కారణాలు రెండు. ఫైర్‌వాల్ పడేసి ఉండొచ్చు, దారిలో ప్యాకెట్ పోయి ఉండొచ్చు. తేడా కనుక్కోడానికి మళ్లీ పంపడం తప్ప దారి లేదు. డిఫాల్ట్‌గా గరిష్ఠం 10 సార్లు. నష్టం లేని నెట్‌వర్క్‌లో ఒకసారి మళ్లీ పంపి ఊరుకుంటుంది, నష్టం కనిపిస్తే పెంచుకుంటూ పోతుంది.

విశాఖలో ఈ నష్టం తరచుగా ఉప్పుగాలి వల్ల వస్తుంది. యార్డులో ఆఫీసు గది నుంచి కాటా క్యాబిన్ దాకా కేబుల్ లాగలేక పైకప్పుల మీద రేడియో లింకు పెడతారు. దాని కనెక్టర్లు తుప్పు పట్టి, మామూలు బ్రౌజింగ్‌కి తెలియనంత చిన్న నష్టం మొదలవుతుంది. స్కాన్‌లో అదే బయటపడుతుంది. ముందు కాటా క్యాబిన్‌లో గట్టి పరికరం దేన్నైనా, ఉదాహరణకి అక్కడి స్విచ్‌ని, ఓ వంద సార్లు మామూలుగా పింగ్ చేసి చూడండి. నష్టం ఉంటే రేటు తగ్గించండి, రిట్రైస్ తగ్గించకండి. త్వరగా అవుతుందని --మ్యాక్స్-రిట్రైస్ 0 పెడితే పోయిన ప్రతి ప్యాకెట్టూ ఒక అబద్ధపు ఫిల్టర్డ్ అవుతుంది. నష్టం లేని లాన్‌లో 1 లేదా 2 చాలు, రేడియో లింకు అవతల 3 లేదా 4.

ఎంతసేపు వేచి చూడాలన్నది ఆ పింగ్‌లోనే దొరుకుతుంది. గరిష్ఠ సమయం 40 మిల్లీసెకన్లు వచ్చిందనుకోండి. దానికి రెట్టింపు --ఇనిషియల్-ఆర్‌టీటీ-టైమవుట్, మూడు నాలుగు రెట్లు --మ్యాక్స్-ఆర్‌టీటీ-టైమవుట్. కానీ 100 మిల్లీసెకన్ల కంటే దిగకండి. కాబట్టి ఇక్కడ 100, 160. ఏమీ పెట్టకపోతే మొదటి వేచి చూపు 1 సెకను, గరిష్ఠం 10 సెకన్లు. మౌనంగా ఉండే హోస్ట్‌లున్నప్పుడు గంటలు గడిచేది ఇక్కడే. వేగం పెంచాలంటే ముందు ముట్టుకోవాల్సింది దీన్ని: ఎవరి మీదా అదనపు భారం వేయకుండా సమయం తగ్గుతుంది.

--హోస్ట్-టైమవుట్ 30ఎం అని పెడితే అరగంట దాటిన హోస్ట్‌ని వదిలేస్తుంది. వదిలేసినదానికి పోర్టుల పట్టిక అసలు రాయదు. రిపోర్టులో పోర్టులు లేవంటే శుభ్రంగా ఉందని కాదు.

6. కాటా, ప్రింటర్, డీవీఆర్

సీరియల్ టు ఈథర్నెట్ కన్వర్టర్లలో చాలావాటికి ఒకసారికి ఒకే టీసీపీ కనెక్షన్ పడుతుంది. కాటా సాఫ్ట్‌వేర్ దాన్ని పట్టుకుని ఉంటుంది. ఏదో కారణంగా అది ఒక్క క్షణం తెగితే, మీ స్కానర్ ఆ సందులో దూరితే, సాఫ్ట్‌వేర్‌కి తిరిగి చోటు దొరకదు. అంతకంటే చెడ్డది పోర్టు వెనకున్న సాఫ్ట్‌వేర్ వెర్షన్ కనుక్కునే -ఎస్‌వీ (వీ పెద్దది). ఎన్‌మ్యాప్ కనెక్ట్ అయి 6 సెకన్ల దాకా అవతలి పలకరింపు కోసం ఆగుతుంది, ఆ తర్వాత రకరకాల ప్రోబ్ స్ట్రింగులు పంపుతుంది. ఆ బైట్లు కన్వర్టర్ గుండా నేరుగా ఇండికేటర్ సీరియల్ పోర్టులోకి వెళ్తాయి. ఇండికేటర్ వాటిని ఏమని అర్థం చేసుకుంటుందో తయారు చేసినవాడికే తెలియాలి.

సిన్ స్కాన్ కనెక్షన్ పూర్తి చేయదు కాబట్టి కొంత నయం. అడ్మిన్ హక్కులు లేకుండా నడిపితే మాత్రం ఎన్‌మ్యాప్ చెప్పకుండానే -ఎస్‌టీ (టీ పెద్దది) కనెక్ట్ స్కాన్‌కి మారిపోతుంది, అప్పుడు తెరిచి ఉన్న ప్రతి పోర్టుతోనూ పూర్తి కనెక్షన్ కలుస్తుంది. సుడో మర్చిపోతే స్కాన్ తగ్గు స్థాయిలో నడుస్తుందనుకోవడం పొరపాటు, పరికరం వైపు నుంచి చూస్తే అది ఇంకా బరువు.

ప్రింటర్ల కథ వేరు. 9100 పోర్టుకి ఏం పంపినా కాగితం మీద అచ్చేసేస్తాయి. అందుకే ఎన్‌మ్యాప్ వెర్షన్ డిటెక్షన్ 9100 నుంచి 9107 దాకా టీసీపీ పోర్టులని తానే వదిలేస్తుంది. --ఆల్‌పోర్ట్స్ పెడితే ఆ మినహాయింపు పోతుంది, లేబుల్ రోలు మీద పిచ్చిరాతలు మొదలవుతాయి. వేరే స్కానర్లకి ఈ మర్యాద ఉంటుందన్న హామీ లేదు.

ఎక్స్‌క్లూడ్ ఫైలులో ఎవరెవరు ఉండాలి? మొదట కాటా కన్వర్టర్లు. తర్వాత పీఎల్‌సీ లాంటి కంట్రోల్ పరికరాలు, అంటే 502 మీద మోడ్‌బస్, 102 మీద ఎస్7 మాట్లాడేవి. 4370 వాడే అటెండెన్స్ మెషీన్లు, పాత డీవీఆర్‌లు పని గంటల్లో బయట, రాత్రి లోపల. రాత్రి అంటే ఖాళీ అని మాత్రం అనుకోకండి. పోర్టు పనితో ముడిపడ్డ చోట నౌక బెర్త్‌లో ఉంటే లారీలు తెల్లవార్లూ తిరుగుతాయి. ఏ గంట ఖాళీనో గేటు దగ్గర సెక్యూరిటీని అడిగితే చెబుతారు, ఐటీ మేనేజర్ కంటే సరిగ్గా.

బయట పెట్టినవాటిని అలాగే వదిలేయమని కాదు. అవి ఏమిటో స్విచ్ ఎంఏసీ పట్టిక చెబుతుంది, మిగతాది వెళ్లి స్టిక్కర్ చదివితే తెలుస్తుంది. తప్పదనుకుంటే కాటా టెక్నీషియన్ పక్కన ఉన్నప్పుడు, బండి లేనప్పుడు, తెలిసిన పోర్టులు మాత్రమే:

సుడో ఎన్‌మ్యాప్ -ఎస్ఎస్ -ఎన్ -పీ 23,80,502 --స్కాన్-డిలే 2ఎస్ --మ్యాక్స్-రిట్రైస్ 1 192.168.40.21

7. వెర్షన్, స్క్రిప్టులు, యూడీపీ

ఇక్కడొక మెలిక ఉంది. --మ్యాక్స్-రేట్ పనిచేసేది బతికున్నవారిని వెతికే దశలో, పోర్ట్ స్కాన్ దశలో మాత్రమే. ఓఎస్ డిటెక్షన్, వెర్షన్ డిటెక్షన్, స్క్రిప్టులు తమ సొంత లయలో నడుస్తాయి. పైకప్పు వేశాం కదా అని -ఏ (పెద్దది) తగిలిస్తే, ఈ మూడూ ఆ కప్పు బయటే ఆడతాయి.

అందుకే మొదటి స్కాన్‌లో వాటిని కలపకండి. పోర్టులు తేలాక, సర్వర్ల మీద మాత్రం, తెరిచి ఉన్న పోర్టులు మాత్రం ఇచ్చి -ఎస్‌వీ నడపండి. --వెర్షన్-ఇంటెన్సిటీ 0 నుంచి 9 దాకా ఉంటుంది, డిఫాల్ట్ 7. --వెర్షన్-లైట్ అంటే 2. అందరికీ తెలిసిన సర్వీసులకి 2 చాలు. తెలియనిది కనిపిస్తే ఆ ఒక్క పోర్టు మీద పెంచుకోవచ్చు. స్క్రిప్టులైతే పేరు పెట్టి పిలవండి, లేదా --స్క్రిప్ట్‌లో సేఫ్ వర్గం. ఇంట్రూసివ్, డాస్, బ్రూట్ వర్గాలు గోడౌన్‌లోకి రాకూడదు.

యూడీపీ (టీసీపీలా ముందు కనెక్షన్ కలపని పద్ధతి): లైనక్స్ మెషీన్లు "ఈ పోర్టు లేదు" అనే ఐసీఎంపీ జవాబుని సెకనుకు దాదాపు ఒకటికి పరిమితం చేస్తాయి. వెయ్యి పోర్టులంటే ఒక్క మెషీన్‌కే 17 నిమిషాలు. మీరు ఎంత తోసినా అది అంతే, తోస్తే తప్పుడు ఫలితాలు వస్తాయి. 53, 123, 161 లాంటి నాలుగైదు పోర్టులు ఎంచుకుని -ఎస్‌యూ (యూ పెద్దది) నడిపి ఊరుకోండి.

8. అనుకున్నట్టే వెళ్తున్నాయా

మొత్తం మీద వదలకముందు ఒక్క హోస్ట్, మూడు పోర్టుల మీద --ప్యాకెట్-ట్రేస్ పెట్టి నడపండి. వెళ్లిన ప్రతి ప్యాకెట్టూ, వచ్చిన ప్రతి జవాబూ సమయంతో సహా తెర మీద పడతాయి. ఎడం మీరు పెట్టినంత ఉందా, రెండోసారి ఎప్పుడు పంపుతోంది, అన్నీ కళ్లతో చూడొచ్చు. --రీజన్ పెడితే ప్రతి పోర్టు పక్కనా ఆ నిర్ధారణ ఎందుకు చేసిందో రాస్తుంది. ఫిల్టర్డ్ అన్నదాని పక్కన నో-రెస్పాన్స్ ఉంటే మౌనం, అడ్మిన్-ప్రొహిబిటెడ్ లాంటిది కనిపిస్తే ఎవరో కావాలనే అడ్డుకున్నారు. మొదటిదాన్ని తక్కువ రేటుతో మళ్లీ అడగాలి, రెండోదాన్ని నమ్మవచ్చు.

అన్ని హోస్ట్‌లూ ఒక్కసారిగా ఫిల్టర్డ్ అయిపోతే, మధ్యలో ఫైర్‌వాల్ మిమ్మల్ని దాడి చేసేవాడిగా గుర్తించి ఆపేసిందేమో చూడండి. అప్పటికి మీ ల్యాప్‌టాప్ నుంచి ఆ ఫైర్‌వాల్ దాటి మామూలు వెబ్ పేజీ కూడా తెరుచుకోదు. ఆ ఫైర్‌వాల్ చూసేవాళ్లకి చెప్పి మీ ఐపీని అనుమతి లిస్టులో పెట్టించాలి. దాన్ని దాటుకుపోయే కిటుకులు వెతకడం ఈ పనిలో భాగం కాదు.

-వీ (చిన్నది) పెడితే చివర్లో మొత్తం ఎన్ని రా ప్యాకెట్లు వెళ్లాయో, పట్టిన సమయం ఎంతో వస్తుంది. భాగించి చూడండి. మీ పైకప్పుకి దగ్గరగా వస్తే అదుపు మీ చేతిలో ఉన్నట్టు. చాలా తక్కువ వస్తే ఎన్‌మ్యాప్ దారిలో ఏదో చూసి తానే తగ్గింది, అదేమిటో వెతకాలి.

నడుస్తుండగా ఎంటర్ మీట నొక్కితే ఎంతవరకు అయిందో చెబుతుంది. గోడౌన్ నుంచి ఫోన్ వస్తే కంట్రోల్-సీ కొట్టండి, వాదించకండి. స్కాన్ కారణం కాకపోయినా సరే, ముందు ఆపాలి. -ఓఏతో ఫైళ్లు దాచుకుని ఉంటే తర్వాత --రిజ్యూమ్ ఇచ్చి కొనసాగించవచ్చు. అది పూర్తయిన హోస్ట్‌ల గుంపు తర్వాత నుంచే మొదలుపెడుతుంది. ఎన్‌మ్యాప్ గుంపులు ఐదుతో మొదలై పెరుగుతూ పోతాయి కాబట్టి --మ్యాక్స్-హోస్ట్‌గ్రూప్ 8 అని కట్టేస్తే ఆపినప్పుడు వృథా అయ్యే పని తక్కువ. ఒకేసారి తాకే పరికరాలూ తక్కువ.

మాస్‌స్కాన్ అనే ఇంకో స్కానర్ గురించి అడిగేవాళ్లుంటారు. దాని డిఫాల్ట్ రేటు సెకనుకు 100, అది బాగానే ఉంటుంది. కానీ జవాబులు తప్పిపోతున్నా అది నెమ్మదించదు, చెప్పిన రేటుకి పంపుతూనే ఉంటుంది. పెద్ద ఇంటర్నెట్ శ్రేణుల కోసం పుట్టిన సాధనం. 60 పరికరాల గోడౌన్‌కి దానితో వచ్చే లాభం నాకు కనబడలేదు.

చేయి తిరగడానికి సొంత వర్చువల్ మెషీన్లు పెట్టుకోండి. బయట కావాలంటే ఎన్‌మ్యాప్ వాళ్లే స్కాన్‌మీ అనే సర్వర్‌ని అభ్యాసం కోసం తెరిచి ఉంచారు, రోజుకి కొన్ని స్కాన్లకి అభ్యంతరం లేదు, వందలు వద్దన్నారు. అన్నీ కుదిరాక మొదటి శుభ్రమైన ఫలితాన్ని మూలంగా దాచి, నెలకోసారి అదే కమాండ్, అదే రేటు, అదే ఎక్స్‌క్లూడ్ ఫైలుతో నడిపి, రెండు ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లనీ వాటి మధ్య తేడా చూపే ఎన్‌డిఫ్‌కి ఇవ్వండి. కొత్తగా తెరుచుకున్న పోర్టు ప్లస్ గుర్తుతో వస్తుంది. రేటు మార్చి నడిపితే ఆ పోలికలో కొత్త పోర్టులకీ పోయిన ప్యాకెట్లకీ తేడా తెలియదు. అందుకే కమాండ్‌ని ఒక స్క్రిప్ట్ ఫైలులో రాసి, ఎవరు మార్చారో, ఎందుకు మార్చారో పక్కనే తేదీతో రాయించండి.